స్టీలు సెట్టు కొనేముందు అడుగు చూడండి

ప్రశ్న: ఇంట్లో నలుగురం. గ్యాస్ పొయ్యితో పాటు ఇండక్షన్ స్టవ్ కూడా వాడతాం. పాలు, ముద్దపప్పు, సేమ్యా పాయసం... ఏది పెట్టినా అడుగంటుతోంది. షాపులో రెండు సెట్లు చూపించారు. ఒకటి 10 పీసుల ‘శాండ్‌విచ్ బాటమ్’. రెండోది 5 పీసుల ‘ట్రైప్లై’, ధర మాత్రం మొదటిదానికి రెట్టింపు. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: ముందు పీసుల లెక్క తేల్చుకోండమ్మా. మూతను కూడా ఒక పీసు కిందే కడతారు. 10 పీసులంటే చాలాసార్లు 5 గిన్నెలు, 5 మూతలు. 5 పీసుల సెట్టులో 3 గిన్నెలు, 2 మూతలు ఉండొచ్చు. ధరను పొయ్యి మీదికెక్కే గిన్నెల సంఖ్యతో భాగించి చూస్తేనే అసలు తేడా తెలుస్తుంది.

ఇక అడుగంటే సంగతి. స్టీలు వేడిని పక్కలకు పాకనివ్వదు. అల్యూమినియంతో పోలిస్తే ఆ గుణం దానికి సుమారు పదిహేనో వంతే. అందుకే పలచటి స్టీలు గిన్నెలో మంట తగిలినచోటే పప్పు మాడుతుంది. మీ పాత పాలగిన్నె లోపల చూడండి, బర్నర్ చుట్టుకొలతలోనే గుండ్రంగా గోధుమరంగు మరక ఉంటుంది. ఈ లోపం తీర్చడానికే స్టీలుకు అల్యూమినియం జోడిస్తారు. ఎక్కడిదాకా జోడించారన్నదే మీరు చూసిన రెండు సెట్లకూ తేడా.

శాండ్‌విచ్ బాటమ్‌లో అల్యూమినియం బిళ్ల అడుగున మాత్రమే ఉంటుంది. గోడలు ఒంటిపొర స్టీలే. మంట ఆ బిళ్ల దాటి పైకి ఎగసిందంటే, బిళ్ల అంచుకు సరిగ్గా పైన గోడ మీద చిక్కటి పదార్థం మాడి గీతలా అంటుకుంటుంది. ట్రైప్లైలో లోపల స్టీలు, నడుమ అల్యూమినియం, బయట అయస్కాంతం అతుక్కునే రకం స్టీలు, మూడూ కలిసి అడుగు నుంచి పై అంచు దాకా వస్తాయి. వేడి గోడలకూ సమంగా పాకుతుంది కనుక గ్యాస్ మీద మధ్యస్థం మంట చాలు.

మేమైతే రెండు సెట్లనూ పక్కన పెట్టి, విడిగా కొనమంటాం. 24 సెం.మీ. బాణలి, 2 లీటర్ల పాలగిన్నె ట్రైప్లైలో తీసుకోండి. కూరలు వేగేదీ, పాలు పొంగేదీ వాటిలోనే. రసం, సాంబారు, వేణ్ణీళ్లకు శాండ్‌విచ్ బాటమ్ గిన్నె ధారాళంగా సరిపోతుంది. పలచటి ద్రవం మరిగేటప్పుడు తనంతట తానే తిరుగుతూ వేడిని పంచుకుంటుంది. దానికోసం ట్రైప్లై ధర పెట్టడం వృథా.

షాపులో చూడాల్సినవి ఇవి. ట్రైప్లై అయితే మొత్తం మందం ఎంతో అడగండి, 2.5 మి.మీ. ఉంటే మంచిది. శాండ్‌విచ్ అయితే గిన్నెను తిరగేసి, బిళ్ల అడుగంతా కప్పిందో లేక నడుమ నాణెంలా ఉందో చూడండి. స్కేలు అంచును అడుగుకు ఆనించండి. చల్లగా ఉన్నప్పుడు మధ్యలో వెంట్రుకవాసి లోపలికి ఉంటే ఫరవాలేదు, వేడికి సర్దుకుంటుంది. బయటికి ఉబ్బి ఉంటే వద్దు, ఇండక్షన్ మీద గిరగిరా తిరుగుతుంది. చాలా ఇండక్షన్ స్టవ్‌లు 12 సెం.మీ. కన్నా చిన్న అడుగును గుర్తుపట్టవు, పోపు గిన్నె కొనేటప్పుడు ఇది మరవకండి.

ప్రశ్న: అయస్కాంతం అంటుకోకపోతే అసలైన 304 స్టీలేనని షాపాయన అన్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఆ ఒక్క పరీక్షను నమ్మకండి. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. దానికి అయస్కాంతం అంటదు, నిజమే. కానీ నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 202 రకానికీ అంటదు. చూపుకు రెండూ ఒకటే. ఉప్పుకీ పులుపుకీ 202 తొందరగా లొంగుతుంది, చుక్కచుక్కలుగా తుప్పు పడుతుంది. మరోవైపు ట్రైప్లై గిన్నెకు బయటవైపు అయస్కాంతం అంటాలి, అంటకపోతే ఇండక్షన్ మీద వేడెక్కదు. బయట అంటింది కదా అని నాసిరకం అనుకోవద్దు. లోపలి పొర ఏ రకమో పెట్టె మీద రాసి ఉందా, ఐఎస్‌ఐ గుర్తు, దాని పక్కన ఐఎస్ 14756 అనే సంఖ్య ఉన్నాయా చూసి, బిల్లులో గ్రేడు రాయించుకోండి.

ప్రశ్న: ఖరీదైన బాణలి కొన్నా ఉప్మా, చేపముక్కలు అంటుకుపోతున్నాయి. అడుగున నీలం, పసుపు మరకలు, సన్నటి గుంటలు కూడా పడ్డాయి. గిన్నె పాడైనట్టేనా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మరకలవల్ల నష్టం లేదు. ఎక్కువ వేడికి స్టీలు పైపొర కాస్త మందమై రంగులు కనబడతాయి. నిమ్మచెక్కతోనో చింతపండుతోనో రుద్దితే పోతాయి. తెల్లటి మచ్చలైతే నీళ్లలోని సున్నం, వాటికీ అదే మందు. గుంటలు మాత్రం పోవు. చల్లటి నీళ్లలో రాళ్లుప్పు వేస్తే అది కరగకుండా అడుగున కూర్చుని స్టీలును కొరుకుతుంది. ఇకనుంచి నీళ్లు మరిగాకే ఉప్పు వేసి, వెంటనే గరిటెతో తిప్పండి.

అంటుకోవడానికి కారణం చల్లటి బాణలిలో నూనె పోయడం. ఖాళీ బాణలిని మధ్యస్థం మంట మీద 2, 3 నిమిషాలు కాచి, చెంచాతో నీటిచుక్క వేయండి. చుయ్యిమని ఆవిరైపోతే ఇంకా కాగలేదు. పాదరసంలా ఉండకట్టి దొర్లితే కాగినట్టు. వెంటనే మంట కాస్త తగ్గించి, నీరు తుడిచేసి నూనె పోయండి. నూనె తళతళలాడగానే, తడి తుడిచిన చేపముక్క పరచండి. 3 నిమిషాలదాకా అట్లకాడ పెట్టొద్దు. కింద ఎర్రగా వేగితే ముక్క తనే వదులుతుంది.

మాడితే పీచుతో గీకకండి. గిన్నె చల్లారాక మాడు మునిగేదాకా నీళ్లు, ఒక చెంచా వంటసోడా వేసి 5 నిమిషాలు మరిగించండి, చెక్క గరిటెతోనే ఊడి వస్తుంది. కాలుతున్న బాణలిని పంపు కింద పెడితే అడుగు వంకరపోతుంది.

ప్రశ్న: న్యూజెర్సీలో మా పిల్లల ఇంట్లో నున్నటి గాజుపలక పొయ్యి. ఇక్కడినుంచి ఏ బాణలి పంపమంటారు?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: గుండ్రటి అడుగు మూకుడు పంపకండి. గాజుకు ఆనేది రూపాయి బిళ్లంతే, మిగతా వేడంతా వృథా. బల్లపరుపుగా 16 సెం.మీ. అయినా అడుగున్న ట్రైప్లై బాణలి చూడండి. పిడి స్టీలుదైతే ఓవెన్‌లోనూ పెట్టుకోవచ్చు, ప్లాస్టిక్ తొడుగున్నదైతే కుదరదు. దోసెలకు మాత్రం అడుగు చదునుగా ఉన్న ఇనుప పెనమే పంపండి, గాజు మీద ఈడవకుండా ఎత్తి పెట్టమని చెప్పండి.