సబ్ కలెక్టరు ఉప కలెక్టరేనా?

సందేహం: మా అబ్బాయి విజయవాడలో గ్రూప్స్ కోచింగ్‌కి వెళ్తున్నాడు. ఇంగ్లిష్ మాట సబ్‌తో మొదలైతే తెలుగులో ‘ఉప’ పెట్టేయండని అక్కడ చెప్పారట. మొన్న ప్రాక్టీసు పరీక్షలో సబ్‌మెరైన్‌కి ‘ఉపనౌక’ అని రాసొచ్చాడు. సబ్సిడీలో, సబ్జెక్టులో ఉప ఎక్కడుంది? సబ్ కలెక్టరు, డిప్యూటీ కలెక్టరు ఇద్దరూ ఉప కలెక్టర్లేనా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: ఉపనౌక అంటే పెద్ద ఓడ వెనకాల కట్టిన పడవేమో అనుకుంటారమ్మా! సబ్‌మెరైన్‌కి జలాంతర్గామి అనే మంచి మాట ఎప్పుడో స్థిరపడింది, దాన్నే రాయమనండి. అలాగని ఆ మేష్టారిని పూర్తిగా తప్పు పట్టలేం. లాటిన్ సబ్, సంస్కృతం ఉప, గ్రీకు హైపో, మూడూ ఒక తాత మనవలే. కరోనా రోజుల్లో మన వీధుల్లో పిచికారీ చేసిన హైపో ద్రావణంలోనూ, డాక్టర్లు చెప్పే హైపో థైరాయిడ్‌లోనూ ఉన్నది ఆ ముక్కే, తక్కువ అని అర్థం. కాకపోతే లాటిన్ సబ్ ‘కింద’ అనే అర్థాన్ని పట్టుకుని కూర్చుంటే సంస్కృతం ఉప ‘దగ్గర’ అనే వైపు ఎక్కువ మొగ్గింది. ఉపనయనం అంటే దగ్గరికి తీసుకెళ్ళడం, ఉపవాసం అంటే దగ్గర ఉండడం, ఎవరి దగ్గరికెళ్ళి చదువుకుంటామో ఆయన ఉపాధ్యాయుడు. వీటిలో ‘కింద’ ఎక్కడా లేదు.

ఇక ఈ మధ్య కాలంలో మనం కట్టుకున్న మాటల్లో ఉప చేయని ఉద్యోగం లేదు. ఉపసంఘం, ఉపఖండం, ఉపశీర్షిక – ఇవి సరిగ్గా సబ్‌కి వచ్చినవే. కానీ ఉపరాష్ట్రపతిలో అది వైస్, ఉప ముఖ్యమంత్రిలో డిప్యూటీ, ఉప ఎన్నికలో బై. రేపు ‘ఉప ఎన్నిక’ ఇచ్చి ఇంగ్లిష్‌లో రాయమంటే మీవాడు సబ్ ఎలక్షన్ అంటాడేమోనని నా భయం. కృష్ణలో కలిసే మున్నేరుని మనం ఉపనది అంటాం, ఇంగ్లిష్ వాళ్ళేమో ట్రిబ్యుటరీ అంటారు, అంటే పెద్ద నదికి కప్పం కట్టేదని, అక్కడ సబ్ ఊసే లేదు.

కలెక్టర్ల సంగతి. సబ్ కలెక్టరూ డిప్యూటీ కలెక్టరూ ఒకటి కాదు. రెవెన్యూ డివిజన్‌కి ఐఏఎస్ అధికారి వస్తే ఆయన సబ్ కలెక్టర్, డిప్యూటీ కలెక్టర్ హోదా ఉన్నాయన వస్తే ఆర్డీవో. తెనాలిలోనైనా విజయవాడలోనైనా వచ్చిన మనిషిని బట్టి హోదా మారుతుంది, పని మాత్రం అదే. ఇద్దరినీ ఉప కలెక్టర్ అంటే ఉన్న తేడా కాస్తా పోతుంది కాబట్టి ఇలాంటి పదవుల పేర్లని అనువదించకుండా వదిలేయడమే మేలు. జనం ఎలాగూ ఎస్సై అనే అంటారు, సబ్ రిజిస్ట్రార్ దగ్గరికెళ్ళి పొలం రాయించుకున్నా రిజిస్ట్రాఫీసుకి వెళ్ళొచ్చామనే చెప్తారు. పత్రికల్లో వచ్చే ‘ఉపకేంద్రం’ నాకైతే నచ్చదు, ముందు విద్యుత్ అనో ఆరోగ్య అనో లేకపోతే కరెంటు కోసం ఫోన్ చేయాలో సూది మందుకి వెళ్ళాలో తెలియదు. 33 కేవీ వచ్చి 11 కేవీగా దిగి వెళ్ళే చోటుని సబ్ స్టేషన్ అంటేనే రైతుకి తెలుస్తుంది.

మీరడిగిన వాటిలో సబ్సిడీది మాత్రం పెద్ద కథ. లాటిన్‌లో అది వెనక కూర్చుని, అవసరమైనప్పుడు సాయానికి లేచే సైన్యం పేరు. అక్కడి నుంచి సాయం, సాయంగా ఇచ్చే డబ్బు అని మారుతూ వచ్చింది. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ వెల్లెస్లీతో కుదుర్చుకున్న సబ్సిడియరీ అలయన్స్‌ని మన చరిత్ర పుస్తకాల్లో సైన్య సహకార ఒప్పందం అన్నారు చూడండి, ఆ మాట కట్టినవారికి దణ్ణం పెట్టాలి, ఉప జోలికి పోకుండా అసలు అర్థాన్ని పట్టుకున్నారు. ఆ ఒప్పందం ప్రకారం తనకి సాయంగా ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కిందే 1800లో నిజాం బళ్ళారి, కడప వైపు సీమ అంతా కంపెనీకి అప్పగించాడు, దత్తమండలాలంటే అవే. ఈ సంగతి పరీక్షలో ఎలాగూ అడుగుతారు. ఇప్పుడు విత్తనాల మీదా డ్రిప్పు మీదా ఇచ్చే సబ్సిడీకి రాయితీ చాలు.

సబ్జెక్టుకి మూలార్థం కింద పడేసినది. రాజు కింద ఉండేవాళ్ళు కాబట్టి ప్రజలు, వ్యాకరణంలో కర్త, బడిలో పాఠ్యాంశం. ‘మనిషి మెతకే గానీ సబ్జెక్టుంది’ అనేటప్పుడు ఈ మూడూ పనికిరావు, అది మన సొంత వాడుక.

సబ్ పైకి కనపడని మాటలూ ఉన్నాయి. ఉత్ పక్కన చారణ చేరితే ఉచ్చారణ, లేఖనం చేరితే ఉల్లేఖనం అయినట్టే, లాటిన్‌లో సబ్ చివర ఉన్న బ పక్క అక్షరంలోకి మారిపోతుంది. సపోర్ట్, సఫర్, సక్సెస్, సజెస్ట్ అలా వచ్చినవే. ఇంగ్లిష్‌లో వాటికి రెండేసి పీలు, ఎఫ్‌లు, సీలు, జీలు ఎందుకు రాయాలో మీ అబ్బాయి ఇక బట్టీ పట్టనక్కర్లేదు.