కొల్లేటి లెక్క తేలనప్పుడు

అమ్మడూ,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన ఎకోపాత్ ఫైలు (సరస్సులోని జీవుల్ని గ్రూపులుగా పెట్టి ఏది దేన్ని ఎంత తింటుందో లెక్కకట్టే మోడల్) చూశాను. ఇరవై తొమ్మిది గ్రూపులు, ఒక్క ఎర్ర అంకె కూడా లేదు. "బ్యాలెన్స్ అయిపోయింది అత్తా" అని సంబరంగా రాశావు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. కొల్లేరు మీద మొదటిసారి లెక్క కట్టినవాళ్లకి అంత సాఫీగా కుదరదు. ఎక్కడో అంకెలు సర్ది ఉంటావు. తిట్టడం లేదులే, నేనూ అదే చేశాను.

నా మోడల్లో చేదుపరిగెలనే చిన్న చేపల దగ్గర ఎకోట్రోఫిక్ ఎఫిషియెన్సీ 1.8 వచ్చింది, ఒకటి దాటితే ఎర్ర అంకే. అంటే ఏడాదిలో పెరిగిన పరిగెల కంటే తినబడినవీ వలలో పడినవీ దాదాపు రెట్టింపు అని. ఎక్కడైనా జరుగుతుందా! గైడు గారికి చూపిస్తే "బయోమాస్ (సరస్సులో ఉన్న పరిగెల మొత్తం బరువు) రెట్టింపు చేసెయ్యమ్మా, సరిపోతుంది" అన్నారు. చేశాను. 0.9కి దిగింది. హాయిగా నిద్రపోయాను.

మరుసటి ఏడాది నన్ను తాటిదోనెలో తిప్పిన పెద్దాయన నా శాంపిల్స్ చూసి నవ్వాడు. "విసురువల తీసుకొచ్చి ఖాళీ నీళ్లలో వేస్తే ఏం పడతాయమ్మా? చేపంతా డెక్క కింద ఉంటే" అన్నాడు. ఇద్దరు మనుషుల్ని పెట్టి గుర్రపుడెక్క తెట్టు ఒకదాని చుట్టూ వల కట్టించి, డెక్కని చేతులతో పీకి దోనెలోకి దులిపించాడు. నల్లటి జుట్టులాంటి వేళ్లలోంచి పరిగెలు, చిన్న రొయ్యలు, నత్తలు జలజలా రాలాయి. అలా అయిదారు చోట్ల చేసి మళ్లీ లెక్క కడితే పరిగెల బయోమాస్ ఒకటిన్నర రెట్లు తేలింది. రెట్టింపు కాదు. అంకె 1.2 దగ్గర ఆగింది.

మిగతా తప్పు పక్షుల దగ్గర ఉంది. గూడబాతుల తిండంతా సరస్సులోంచే వస్తోందని రాశాను. అవి గూళ్లు కట్టేది ఇక్కడే కానీ మేతకి చుట్టూ ఉన్న చేపల చెరువుల మీద కూడా పడతాయి. చెరువుగట్టు మీద డబ్బాలు మోగించి తోలేవాళ్లని రోజూ చూస్తూ కూడా నాకు తట్టలేదు! ఆ భాగాన్ని డైట్ పట్టికలో ఇంపోర్ట్ (సరస్సు బయటి నుంచి వచ్చే తిండి) గడిలోకి మార్చాక పరిగెల లెక్క ఒకటికి లోపు వచ్చింది. రెట్టింపు చేసిన రోజున ఈ రెండు తప్పులూ ఆ ఒక్క సర్దుబాటు కింద దాక్కున్నాయి. అందుకే ఎర్ర అంకె కనిపిస్తే కంగారుపడకు. సర్దే ముందు ఒకసారి నీళ్ల మీదికి వెళ్లిరా. సర్దక తప్పకపోతే ఏ అంకెని ఎంత మార్చావో, ఎందుకో తారీఖు వేసి రాసిపెట్టుకో.

ఇక యూనిట్లు. చదరపు కిలోమీటరుకి టన్ను అన్నా, చదరపు మీటరుకి గ్రాము అన్నా అంకె ఒకటే, అక్కడ చిక్కు లేదు. చిక్కంతా తడి బరువుని కార్బన్‌గా మార్చేటప్పుడే. చేపకి తొమ్మిది పాళ్ల తడి బరువుకి ఒక పాలు కార్బన్ అని వేసుకుంటాం. నీ ఫైలులో గుర్రపుడెక్కకీ అదే వేశావు. డెక్కలో నూటికి తొంభై అయిదు పాళ్లు నీళ్లే తల్లీ. ఎండాక మిగిలేది అయిదు పాళ్లు, అందులో కార్బన్ నలభై శాతం దాకా. అంటే తడి బరువులో రెండు శాతం. నువ్వు పదకొండు శాతం వేశావు. నీ సరస్సులో డెక్క అయిదున్నర రెట్లు ఊరిపోయింది.

కాంతి సీసా, చీకటి సీసా పద్ధతిలో చేసిన ఉత్పత్తి లెక్క బాగుంది. ఆక్సిజన్‌ని కార్బన్‌లోకి మార్చడానికి మిల్లీగ్రాముని 0.375తో గుణించి 1.2తో భాగించావు, సరిగ్గానే ఉంది. కానీ సీసాలో ఉన్నది నీళ్లలో తేలే సూక్ష్మ నాచు ఒక్కటే. కిక్కిస, డెక్క గాలిలోంచి కార్బన్ తీసుకుంటాయి, వాటి లెక్క సీసాకి తెలియదు. వాటికి గడి కట్టి, కోసి, ఎండబెట్టి, తూకం వెయ్యాల్సిందే. నడుం నొప్పి పుట్టే పని. దానికి అడ్డదారి నాకైతే దొరకలేదు.

లిండెమాన్ 1942లో మిన్నెసోటాలోని చిన్న సరస్సు మీద రాసిన పేపరు చదివావా? ఒక మెట్టు నుంచి పై మెట్టుకి ఎంత శక్తి చేరుతుందనే లెక్కకి దారి వేసింది అదే. అచ్చయ్యేసరికి ఆయన లేడు, ఇరవై ఆరేళ్లకే పోయాడు. మనం మెట్టుకి పది శాతం అని వాడే అంకెని పాలీ, క్రిస్టెన్సెన్ 1995లో చాలా మోడల్స్ కలిపి చూసి సగటుగా చెప్పారు. సగటు అంటే సగటే, నీ సరస్సుకి అదే వస్తుందని కాదు. ఆ లెక్కన కిలో కొరమీను మూడున్నర స్థాయిలో (మొక్కలది ఒకటో స్థాయి) ఉందనుకుంటే దాని వెనక ముప్పై అయిదు కిలోల మొక్కల కార్బన్ ఉండాలి. నీ ఫలితం దీనికి మరీ దూరంగా ఉంటే ఏదో సున్నా జారిపోయిందని చూసుకో.

డెట్రిటస్ (చచ్చి కుళ్లే పదార్థం) పెట్టెని నువ్వు చెత్తబుట్టలా వాడావు. మిగిలిందంతా అందులో పడేశావు. కొల్లేటిలో అసలు కథ అక్కడే ఉంది. డెక్కని పచ్చిగా తినేవి తక్కువ. అది చచ్చి కుళ్లి, బ్యాక్టీరియా పట్టాకే నత్తకీ రొయ్యకీ తిండి అవుతుంది. అజామ్, తోటివాళ్లు 1983లో రాసిన మైక్రోబియల్ లూప్ (బ్యాక్టీరియా గుండా తిరిగే ఆహార చక్రం) పేపరు సముద్రం గురించే అయినా చదువు, బ్యాక్టీరియాని వేరే గ్రూపుగా ఎందుకు పెట్టాలో తెలుస్తుంది. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే మురుగు, చెరువుల్లోంచి వదిలే నీళ్లలోని తవుడు, కోళ్లపెంట అవశేషాలు కూడా ఈ పెట్టెకి ఇంపోర్టే. ఉప్పుటేరులోంచి సముద్రానికి పోయేది ఎక్స్‌పోర్ట్. నీ ఫైలులో రెండు చోట్లా సున్నా ఉంది. సున్నా అంటే కొలిచి ఏమీ లేదని చెప్పడం, కొలవలేదని కాదు.

సాహిత్యంలోంచి అంకెలు ఏరేటప్పుడు ఏ కాలానివో చూసుకో. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేయక ముందు కొలిచిన చేపల లెక్కా, నిరుడు నువ్వు కొలిచిన నీళ్ల లెక్కా ఒకే పట్టికలో పెట్టావు. అవి రెండు వేర్వేరు సరస్సులు. మే నెలలో ఉప్పునీరు ఎగదన్నే కొల్లేటికీ, సెప్టెంబరు వరదలో నిండిన కొల్లేటికీ కలిపి ఏడాది సగటు తీయడం కూడా నాకు నచ్చలేదు. రెండు మోడల్స్ కట్టు. గ్రూపులు పద్దెనిమిదికి తగ్గించుకుంటే పని తేలికవుతుంది. కొలవని చేపని నాలుగు గ్రూపులుగా చీల్చి ఏం లాభం?

నవంబరులో రా. నా పాత నోటుపుస్తకాలు అటక మీంచి దింపి ఉంచుతాను. కొన్ని పేజీలు తడిసి అంటుకుపోయాయి, ఆవిరి పట్టి విడదీయాలి. దోనె మాట్లాడతాను. గెడ బురదలో గుచ్చినప్పుడు బుడబుడమని పైకొచ్చే బుడగల్ని గరాటుతో సీసాలోకి పట్టాలి, అది మీథేన్. నా లెక్కలో ఆ కార్బన్‌కి గడి లేదు. నీ దాంట్లో పెట్టు. వచ్చేటప్పుడు మూత గట్టిగా బిగిసే సీసాలు ఓ పాతిక తెచ్చుకో, ఇక్కడ దొరకడం లేదు.

ఆశీస్సులతో,
పెద్దత్త