అల్యూమినియం బోటు ట్రాన్సమ్‌కు పగులు: పైన వెల్డింగ్ చేయిస్తే సరిపోతుందా?

మీ బోటు వెల్డింగ్‌తో కట్టిన అల్యూమినియం బోటు. మోటారు కూర్చోడానికి ట్రాన్సమ్‌ను, అంటే మోటారు బిగించే వెనక గోడను, కిందికి కోసిన చోట, ఆ మూల నుంచి పగులు దిగింది. ఒకసారి దాని మీద వెల్డింగ్ పెట్టించారు, మళ్లీ ఆ వెల్డు పక్కనే విచ్చింది. ఇప్పుడు ఎపాక్సీ పూయాలా, పైన ప్లేటు వేయించాలా, ట్రాన్సమ్ మొత్తం మార్చాలా అని అడుగుతున్నారు. నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బోటుకు ఇదే చోట ఇదే పగులు ఉండేది, దాని మీద పాత యజమాని చేయించిన వెల్డు కూడా ఉండేది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఎపాక్సీ మాట వదిలేయండి. నీరు కారకుండా కొన్నాళ్లు ఆపుతుందేమో కానీ మోటారు బరువునూ తోపునూ మోయలేదు. పైగా తర్వాత వెల్డింగ్ చేయాలంటే ఆ జిగురంతా గీకి తీయాలి.

ఇక అసలు విషయం. పగులు కనబడిన చోటే జబ్బు ఉందనుకోవద్దు. నా బోటులో వెల్డరు గ్రైండరు పట్టుకునే ముందే లోపలి కవరు విప్పించాడు. ట్రాన్సమ్‌ను అడుగున పొడవునా వెళ్లే దూలాలకు (స్ట్రింగర్లకు) కలిపే త్రికోణపు ఊతం ఒకటి, కింది వెల్డు దగ్గర పూర్తిగా ఊడిపోయి ఉంది. అంటే మోటారు భారం స్ట్రింగర్లకు చేరడం లేదు, ట్రాన్సమ్ రేకు ఒక్కటే మోస్తోంది. అది ఊగి ఊగి మూలలో చిరిగింది. పైన ఎన్నిసార్లు వెల్డింగ్ చేసినా ఆ ఊతం అతకనంత కాలం మళ్లీ పగిలేదే.

మీరూ ఇది చూడొచ్చు. బోటును ట్రైలరు మీద కదలకుండా పెట్టి, మోటారు కింది భాగాన్ని పట్టుకుని పైకీ కిందికీ గట్టిగా ఊపండి. ఇంకొకరు లోపల కూర్చుని ట్రాన్సమ్, పక్క గోడలు, అడుగు కలిసే చోట్లను గమనించాలి. మోటారుతో పాటు బోటు మొత్తం కదిలితే ఫరవాలేదు. ట్రాన్సమ్ ఒక్కటే విడిగా వంగుతుంటే లోపల ఊతం పోయినట్టే.

కారణాలు ఎక్కువగా ఇవే ఉంటాయి. ప్రొపెల్లర్ తోపు నీటి కింద పుడుతుంది, మోటారును పట్టుకున్నది మాత్రం పైన. కాబట్టి మోటారును పట్టుకునే బ్రాకెట్ కింది అంచు ట్రాన్సమ్‌ను ముందుకు నొక్కుతుంది, పై బోల్టులు వెనక్కి లాగుతాయి. రోడ్డు మీద మోటారును పైకెత్తి, కింద ఆసరా కర్ర పెట్టకుండా లాక్కెళ్తే ప్రతి గుంతలోనూ ఆ బరువు పై బోల్టులను మళ్లీ వెనక్కి లాగుతుంది. మామూలు స్టీలుకు ఒక హద్దు ఉంటుంది, దానికి లోబడిన చిన్న భారం ఎన్నిసార్లు పడినా తట్టుకుంటుంది. అల్యూమినియంకు అలాంటి హద్దు లేదు. చిన్న ఊపులు కూడా లెక్కలో చేరుతూనే ఉంటాయి. అందుకే గుండ్రం లేని మూలలు, వెల్డు ఆగిపోయిన చివరలు, బోల్టు రంధ్రాల అంచులు ముందు పగులుతాయి. బోటు ప్లేటు మీద రాసిన హార్స్‌పవర్ కంటే పెద్ద మోటారు ఉంటే ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది.

లోపల ప్లైవుడ్ ఉంటే దాన్నీ బయటికి తీసి చూడండి. తడిసిన చెక్క అల్యూమినియంను ఆనుకుని ఉంటే లోపలి వైపు గుంటలు గుంటలుగా తినేస్తుంది. మళ్లీ చెక్క వేసేటప్పుడు, చెదలు పట్టకుండా రాగి లవణాలు ఎక్కించిన రకం మాత్రం వద్దు. రాగి తగిలితే అల్యూమినియం ఇంకా వేగంగా పోతుంది.

ఇప్పుడు వెల్డింగ్ సంగతి. దీనికి ముందు మోటారు దించేయాలి, బ్యాటరీ తీగలు విప్పాలి, పెట్రోలు ట్యాంకు బోటులోంచి బయటికి పోవాలి. ఖాళీ ట్యాంకులో ఉండే ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదం. ట్రాన్సమ్ వెనక పాలీయురెథేన్ ఫోమ్ నింపి ఉంటే వెల్డు జరిగే చోటు నుంచి బాగా దూరం వరకు కోసి తీసేయండి, అది కాలితే వచ్చే పొగలో సైనైడ్ వాయువు ఉంటుంది. ఇంకొకటి, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి: శుభ్రం చేయడానికి క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరు వాడొద్దు. వెల్డింగ్ మెరుపు (ఆర్క్) వెలుగుకు దాని ఆవిరి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది. అసిటోన్ చాలు, అది కూడా పూర్తిగా ఆరాకే ఆర్క్ వెలిగించాలి.

పగులు కంటికి కనబడిన దగ్గరే ఆగదు. సన్నటి పగుళ్లలోకి రంగు దూరి వాటిని చూపించే డై పెనెట్రెంట్ స్ప్రే కిట్ తెచ్చుకుని, ఎర్ర రంగు పట్టించి, డబ్బా మీద చెప్పినంత సేపు ఉంచి తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే అసలు చివర ఎర్ర గీతగా బయటపడుతుంది. నా బోటులో అది నేననుకున్న దానికంటే బాగా ముందుకు పాకి ఉంది. ఆ చివరను దాటకుండా, సరిగ్గా దాని మీదే చిన్న రంధ్రం వేయాలి. మొన తేలిన పగులు గుండ్రటి రంధ్రంలో ఆగుతుంది.

తర్వాత పాత వెల్డును మొత్తం తీసేయించండి. మీ వెల్డు పక్కనే మళ్లీ ఎందుకు విచ్చిందో ఇక్కడ తెలుస్తుంది. పైపైన వెల్డు పూస వేస్తే కింద పాత పగులు అలాగే ఉండిపోతుంది. వెల్డు వేడికి పక్కనున్న లోహం మెత్తబడుతుంది కూడా. 6061-టీ6 లాంటి వేడితో గట్టిపరిచిన రకమైతే ఆ చోట దాదాపు సగం బలం పోతుంది. పడవలకు వాడే 5052, 5083, 5086 రకాల్లో తగ్గుదల అంతకంటే తక్కువే కానీ ఉంటుంది. ఇక పాత వెల్డరు అతుకులో కరిగించి నింపడానికి ఏ తీగ వాడాడో మనకు తెలియదు. 4043 తీగలో సిలికాన్ ఉంటుంది. మెగ్నీషియం ఎక్కువున్న 5083, 5086 ప్లేట్ల మీద దాన్ని వాడితే అతుకు పెళుసుగా తయారవుతుంది. మీ ప్లేటు ఏ రకమో తెలియకపోతే 5356 తీగ అడగండి, 5083 అని ఖాయంగా తెలిస్తే 5183 కూడా మంచిదే.

వెల్డు నిండడానికి పగులు వెంట గాడి తీయాలి, దానికి కార్బైడ్ బర్ (గట్టి పళ్లున్న తిరిగే కోత ముక్క) వాడాలి. మామూలు గ్రైండింగ్ రాయి మెత్తటి అల్యూమినియంలో తన పొడిని వదిలేస్తుంది. ముందు అసిటోన్‌తో జిడ్డు తుడిచి, ఆ తర్వాత అల్యూమినియంకు తప్ప దేనికీ వాడని స్టెయిన్‌లెస్ బ్రష్‌తో రుద్దాలి. ఈ వరుస తారుమారైతే జిడ్డును లోహంలోకి రుద్దినట్టవుతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని మీది ఆక్సైడ్ పొర కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. ఆ పొర ఉండగా వెల్డు చేస్తే పైకి నున్నగా కనబడినా లోపల అతకదు. ఆ పొర పట్టి ఉంచిన తేమ వల్ల వెల్డులో బుడగలు కూడా వస్తాయి. అందుకే బ్రష్ చేసిన వెంటనే వెల్డు పడాలి. వెల్డింగ్ పద్ధతి ఏసీ టిగ్ అయినా, స్పూల్ గన్‌తో (తీగ చుట్ట గన్‌లోనే ఉండే రకం) మిగ్ అయినా ఫరవాలేదు, గ్యాస్ మాత్రం శుద్ధ ఆర్గాన్. వీలైతే వెనక వైపు నుంచి కూడా మొదటి వెల్డు అడుగు దాకా గాడి తీసి రెండో వైపు వెల్డు వేయించండి. ఊడిన ఊతాన్ని కూడా ఇప్పుడే, ఇంతే శ్రద్ధగా.

డబ్లర్ ప్లేటు (బలానికి రేకు మీద వేసే రెండో ప్లేటు) వేయడం మంచిదే, కానీ పగులు మీద చిన్న ముక్క అతికిస్తే దాని అంచు దగ్గర కొత్త పగులు మొదలవుతుంది. ప్లేటు మూలను దాటి రెండు వైపులా వెళ్లాలి, ఊతాల దాకా అందాలి, దాని మూలలన్నీ గుండ్రంగా ఉండాలి. మోటారు కోత మూల సూటిగా ఉంటే దాన్నీ గుండ్రం చేయించండి. నా అభిప్రాయంలో ఈ మరమ్మతులో డబ్బుకు తగ్గ ఫలితం ఇచ్చే పని ఇదే.

ట్రాన్సమ్ మొత్తం మార్చాలా అంటే, రెండు మూడు సార్లు వెల్డు చేసిన చోటే మళ్లీ పగిలినా, లోపల తుప్పు గుంటలతో రేకు పలచబడినా ఆ భాగాన్ని కోసి కొత్త ప్లేటు వేయించడమే నయం. లేకపోతే అవసరం లేదు.

మోటారు తిరిగి ఎక్కించేటప్పుడు స్టెయిన్‌లెస్ బోల్టులకు, అల్యూమినియం తినకుండా డ్యూరలాక్ లాంటి పేస్టు పట్టించి, రంధ్రాలను మెరీన్ సీలంట్‌తో మూసి, లోపల బోల్టుల వెనక పెద్ద బ్యాకింగ్ ప్లేటు పెట్టండి. వెంటనే రంగు వేయకుండా ఉంచి, మొదటి కొన్ని సార్లు నీటిలోకి వెళ్లి వచ్చాక డై పెనెట్రెంట్‌తో మళ్లీ ఒకసారి చూడండి. గీత ఏదీ రాకపోతే అప్పుడు రంగు వేసుకోవచ్చు. మోటారు ఊపినప్పుడు ట్రాన్సమ్ వంగుతుందో లేదో, లోపల ప్లైవుడ్ ఉందో లేదో కామెంట్లో రాస్తే మిగతాది చెబుతాను.