ప్రయాణ సందేహాలు: డల్లాస్ నుంచి గుంటూరు దాకా

ప్రశ్న: డల్లాస్‌లో మా తమ్ముడి దగ్గర ఉన్న అమ్మానాన్నలు వచ్చే నెల తిరిగి వస్తున్నారు. నాన్నగారికి 71 ఏళ్లు, ఇన్సులిన్ తీసుకుంటారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. దోహాలో విమానం మారి, తెల్లవారుజామున రెండున్నరకు శంషాబాద్‌లో దిగుతారు. కారు తీసుకుని ఎదురొస్తే టిఫిన్ వేళకు గుంటూరు చేరిపోవచ్చని నాన్నగారు అంటున్నారు. గన్నవరానికి విమానం టికెట్ తీయమని తమ్ముడి మాట. ఏది మేలు? విమానంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రెండూ వద్దనే చెబుతాను. శంషాబాద్ దగ్గర ముందుగానే ఒక గది మాట్లాడి ఉంచి, దిగగానే వారిని అక్కడికి తీసుకువెళ్లి, కంటినిండా నిద్రపోనిచ్చి, పగటిపూట కారులో బయలుదేరండి. ఇరవై గంటలకు పైబడిన విమాన ప్రయాణం గురించి అందరమూ ఆందోళన పడతాం గానీ, చివర్లో మిగిలే ఆ అయిదారు గంటల రోడ్డు ప్రయాణాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోము. నాకు భయమంతా దాని గురించే. ముందురోజు మధ్యాహ్నం గుంటూరులో బయలుదేరి, విమానాశ్రయం పార్కింగ్‌లో సరిగా నిద్ర లేకుండా కాచుకుని ఉన్న డ్రైవరు, మనిషికి నిద్ర ముంచుకొచ్చే మూడు, అయిదు గంటల మధ్య వేళలో మీ తల్లిదండ్రులను ఎక్కించుకుని హైవే మీదకు వస్తాడు. ఒక పూట గది అద్దెకు వెనుకాడి అంతటి సాహసం చేయవలసిన అవసరం లేదు.

గన్నవరం విమానం చూడడానికి సుఖంగానే కనిపిస్తుంది. అయితే విదేశం నుంచి వచ్చి శంషాబాద్‌లో దిగినవారు అక్కడే ఇమ్మిగ్రేషన్ ముగించుకుని, పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ చెకిన్ కౌంటరుకు వెళ్లవలసి ఉంటుంది. ఆ టికెట్ విడిగా కొన్నదైతే, దోహా విమానం ఆలస్యమైనప్పుడు ఆ డబ్బుకు ఎవరూ పూచీ పడరు. పైగా గన్నవరంలో దిగాక విజయవాడ దాటి గుంటూరు చేరడానికి మరో గంటకు పైగా కారు ప్రయాణం తప్పదు. మిర్యాలగూడ, పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా కూడా గుంటూరు రావచ్చు గానీ, మీ అమ్మగారి మోకాళ్లను తలచుకుంటే సూర్యాపేట, కోదాడ మీదుగా రావడమే నయం. ఆ దారిలో ఆగడానికి మంచి హోటళ్లు ఎక్కువ. ఆగే చోట కమోడ్ ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక విమానం సంగతి. డల్లాస్ నుంచి దోహాకు సుమారు 14 నుంచి 15 గంటలు పడుతుంది. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణాల్లో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన పరిశోధన తేల్చింది. మొత్తం మీద ఆ ముప్పు తక్కువే అయినా, వయసు మళ్లినవారి విషయంలో అశ్రద్ధ పనికిరాదు. ఇద్దరికీ నడవా పక్క సీట్లు తీయించండి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. లేవలేనప్పుడు మడమలు నేలకు ఆనించి ముని వేళ్లు పైకి లేపడం, వేళ్లు ఆనించి మడమలు లేపడం చేస్తూ ఉండాలి. మోకాలి దిగువ వరకు వచ్చే కంప్రెషన్ మేజోళ్లు మేలు చేస్తాయి గానీ, మధుమేహం ఉన్న మీ నాన్నగారు డాక్టరును అడిగాకే వేసుకోవాలి. ఇంటికి వచ్చిన తర్వాత కొన్ని వారాల లోపు ఒక కాలే వాచినా, పిక్క నొప్పి పుట్టినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. వీల్‌చెయిర్ కావాలని విమాన సంస్థకు కనీసం 48 గంటల ముందు చెప్పించండి. దాన్ని అడగడానికి పెద్దలు మొహమాటపడతారు, మీరు పడవద్దు.

ఇన్సులిన్‌ను చేతి సంచిలోనే ఉంచాలి. కింద సామాన్ల అరలో అది గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. డాక్టరు రాసిన చీటీ కూడా దానితోనే ఉండాలి. తూర్పుకు వచ్చేటప్పుడు రోజు కుదించుకుపోతుంది కాబట్టి, దిగిన చోటి గడియారం చూసి మోతాదు వేసుకుంటే రెండు మోతాదులు దగ్గరపడి చక్కెర బాగా పడిపోవచ్చు. బయలుదేరే ముందే డాక్టరు చేత, ఎన్ని గంటలకు ఎంత మోతాదో కాగితం మీద రాయించుకోవాలి. ఇల్లు చేరేదాకా ఆయన చేతి గడియారాన్ని డల్లాస్ సమయంలోనే ఉండనిస్తే లెక్క తప్పదు.

వేసవి సమయంలో డల్లాస్ మనకు పదిన్నర గంటలు వెనుక ఉంటుంది. అక్కడి నడిరాత్రి మనకు మిట్టమధ్యాహ్నం కాబట్టి, భోజనం కాగానే వారికి కళ్లు మూతలు పడతాయి. అరగంటకు మించి పడుకోనివ్వకుండా, సాయంత్రం వెలుతురు ఉండగానే ఇద్దరినీ నడకకు తీసుకువెళ్లండి. నిద్ర దారిన పడడానికి వారం, పది రోజులు పట్టవచ్చు.

ప్రశ్న: అమెరికా నుంచి తిరిగి వచ్చిన మా అత్తగారి పాస్‌పోర్టులో, ఆ దేశం విడిచిన ముద్ర ఎక్కడా లేదు. మళ్లీ వెళ్లేటప్పుడు ఇబ్బంది అవుతుందా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: కాదు. అమెరికా విమానాశ్రయాల్లో వెళ్లిపోయేవారి పాస్‌పోర్టుపై ముద్ర వేసే పద్ధతి లేదు. విమాన సంస్థ పంపే ప్రయాణికుల వివరాల ఆధారంగా నిష్క్రమణ నమోదవుతుంది. విదేశీయుల రాకపోకలను నమోదు చేసే అమెరికా ప్రభుత్వ ఐ-94 వెబ్‌సైట్‌లో ఆమె వివరాలు చూసి, ఆ పేజీని ప్రింటు తీసి ఉంచండి. బోర్డింగ్ పాసులు పారేయకండి. ఆ నమోదులో తేడా వస్తే అవే మీకు రుజువు.