యానిమేషన్‌లో నాలుగో ఏడాదా, యూకేనా? ప్లాటు బేరం పెట్టే ముందు ఇది చదవండి

ప్రొద్దుటూరులో బట్టల అంగడి నడుపుతున్న ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది: "మావాడు బెంగళూరులో బీఎస్సీ యానిమేషన్ మూడేళ్లు పూర్తి చేసినాడు సార్. ఇంకో ఏడాది యానిమేషన్ ప్రొడక్షన్ చదివితే ఆనర్స్ వస్తుందని కాలేజీవాళ్లు అంటున్నారు. కన్సల్టెన్సీవాళ్లేమో అదే ఏడాది యూకేలో మాస్టర్స్ చేయమంటున్నారు, అంతా కలిపి 30 లక్షలట. బైపాస్ పక్కన ఒక ప్లాటు ఉంది, అమ్మేయమంటారా? వాడితో చదివినోళ్లంతా సాఫ్ట్‌వేర్‌లో చేరిపోయినారు. రెండూ పోల్చి చెప్పండి."

అన్నా, పోల్చి చెప్తాను. కానీ మీ ప్రశ్నలో అసలు టెన్షన్ ఆనర్స్ గురించీ కాదు, యూకే గురించీ కాదు, "వాడితో చదివినోళ్లంతా" అన్నారే, అక్కడుంది. వాడి మాట విని మూడేళ్లు పాడు చేశానేమో అని లోపల పీకుతోంది. అనంతపురంలో నా దగ్గరకొచ్చే తల్లిదండ్రుల్లో సగం మందికి ఇదే బాధ. ఏమీ పాడు కాలేదు. బీఎస్సీ అంటే డిగ్రీనే. రేపు వాడికి మనసు మారినా గ్రూప్స్ రాయొచ్చు, బ్యాంకు పరీక్షలు రాయొచ్చు, ఎంబీఏ చేయొచ్చు, ఏ దారీ మూసుకుపోలేదు. ఇరవై ఒకటో ఇరవై రెండో ఉండే పిల్లాడికి ఇంకో ఏడాది చదువంటే ఆలస్యమూ కాదు.

ఇక నాలుగో ఏడాది. మూడేళ్లలో వాడు ఒంటరిగా చిన్న చిన్న షాట్లు చేసి ఉంటాడు. బంతి ఎగరడం, మనిషి నడక, ఒక మొహంలో రెండు మూడు భావాలు, అలాంటివి. ఈ ఏడాదిలో నేర్చుకోవాల్సింది నలుగురైదుగురు కలిసి రెండు మూడు నిమిషాల సినిమా మొదలుపెట్టి, పూర్తి చేయడం. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి రెండు నిమిషాలంటేనే 2,880 ఫ్రేములు. స్టోరీబోర్డ్ (కథను వరసగా గీసిన బొమ్మలు) ఆలస్యమైతే లేఅవుట్ (కెమెరా, పాత్రలు ఎక్కడుండాలో అమర్చడం) ఆగుతుంది, రిగ్ విరిగితే యానిమేటర్ ఖాళీగా కూర్చుంటాడు, రెండర్ (కంప్యూటర్ తుది ఫ్రేములు తయారుచేయడం) ముగిసే సమయానికి డైరెక్టర్ మనసు మారుతుంది. రిగ్ అంటే ఏమిటంటారా? ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలు చూసే ఉంటారు కదా, భుజం దగ్గర, మోచేయి దగ్గర కీళ్లు కట్టి పుల్లలతో ఆడిస్తారు, కంప్యూటర్‌లో ఆ పనే రిగ్గింగ్. (అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మన పక్కనే ఇంత ఉంటే మన పిల్లలు ఫైనల్ ఇయర్ సినిమాకి కూడా జపాన్ కుర్రాడి బొమ్మే గీస్తారెందుకో.)

ఇంకో సంగతి. ఈ రంగంలో బొమ్మలు వేసేవాళ్లే కాదు, ప్రొడక్షన్ కోఆర్డినేటర్ అనే ఉద్యోగం కూడా ఉంది. ఏ షాట్ ఎవరి దగ్గరుంది, ఎప్పటికి ఇవ్వాలి, ఎన్ని గంటలు పట్టింది, క్లయింట్ ఏమన్నాడు, ఇదంతా రాసి పెట్టి వెంటపడి పని చేయించే మనిషి. సెలవులకొస్తే అంగడి జీఎస్టీ లెక్కలు వాడే చూస్తాడని మీరే రాశారు. చాలామంది యానిమేషన్ పిల్లలకు ఎక్సెల్ షీట్ చూస్తే ఒళ్లు మండుతుంది. మీవాడికి మండకపోతే ఈ వైపు ఒకసారి ఆలోచించమనండి.

చదువుల లెక్కలో ఆనర్స్ వల్ల లాభం ఉంది. కొత్త పద్ధతిలో నాలుగేళ్ల డిగ్రీ ఉంటే పీజీ ఒక ఏడాదిలో అవుతుంది, 75 శాతం మార్కులుంటే నేరుగా పీహెచ్‌డీకి కూడా ప్రయత్నించొచ్చు. పాఠాలు చెప్పాలనుకునేవాడికి అది పనికొస్తుంది. ఐఐటీ బాంబేలో ఎండెస్ (డిజైన్‌లో మాస్టర్స్) యానిమేషన్ కావాలంటే, సీడ్ (CEED) అనే ప్రవేశ పరీక్ష రాయడానికి మూడేళ్ల డిగ్రీ సరిపోతుంది, సీటుకు అర్హత ఏమిటో మాత్రం అక్కడే కనుక్కోండి.

యూకే గురించి నా అనుమానాలు దాచుకోను. అక్కడ మంచి కోర్సులు లేవని కాదు, బోర్న్‌మత్ లాంటి చోట దశాబ్దాలుగా నేర్పుతున్నారు. కానీ ఒక్క ఏడాది మాస్టర్స్‌లో సెప్టెంబరులో దిగి, చలికి అలవాటుపడి, వారానికి 20 గంటల పార్ట్‌టైమ్ వెతుక్కునేసరికి సంక్రాంతి వస్తుంది. సినిమా పూర్తయ్యేది కోర్సు చివర్లో. అంటే ఉద్యోగానికి చూపించే షోరీల్ (తన మంచి షాట్లు కలిపిన చిన్న వీడియో) తయారయ్యేసరికి వీసా గడియారం మొదలైపోయి ఉంటుంది. చదువయ్యాక ఉండనిచ్చే గడువు కూడా 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గిపోతోంది. ఆ తర్వాత ఉండాలంటే స్కిల్డ్ వర్కర్ వీసాకు 2025 జులై నుంచి మామూలు జీతం పరిమితి ఏడాదికి 41,700 పౌండ్లు, కొత్తగా చేరేవాళ్లకు రాయితీ ఇచ్చినా 33,400. యానిమేషన్‌లో జూనియర్‌కు అంత ఇచ్చే స్టూడియోని వెతుక్కోవాలి. పైగా 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే పెద్ద వీఎఫ్ఎక్స్ కంపెనీ మూతపడినప్పుడు లండన్‌లోనూ, బెంగళూరులోనూ అనుభవమున్నవాళ్లే వేలమంది రోడ్డున పడ్డారు. కొత్తగా వచ్చే మీవాడు పోటీ పడాల్సింది వాళ్లతో. కన్సల్టెన్సీవాళ్లు ఈ మాట చెప్పి ఉండరు, వాళ్లకు కమీషన్ వచ్చేది అడ్మిషన్ మీద, ఉద్యోగం మీద కాదు.

ఇండియాలో మాత్రం అంతా బాగుందా అంటే, లేదు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై స్టూడియోల్లో కొత్తవాళ్లకు ఎక్కువగా దొరికేవి రోటో (షాట్‌లో మనిషి చుట్టూ ఫ్రేము ఫ్రేముకీ గీత గీసి వేరుచేయడం), పెయింట్ (అక్కర్లేనివి చెరపడం) లాంటి పనులు. ఏఐ ముందు తినేస్తున్నదీ వాటినే. అందుకే నాలుగో ఏడాది చదివితే నటన తెలిసిన క్యారెక్టర్ యానిమేషనో, స్టోరీబోర్డో, పైథాన్ కోడింగ్‌తో రిగ్గింగో, ఏదో ఒకదాంట్లో గట్టిపడాలి. "అన్నీ వచ్చు సార్" అనేవాడిని స్టూడియోలో ఎవరూ తీసుకోరు.

ఇప్పుడు కొంచెం కోపం తెచ్చుకోకుండా వినండి. ఉన్న ప్లాటు అమ్మడానికి సిద్ధపడ్డారు, మూడేళ్ల ఫీజు టైముకు కట్టారు, కానీ మీవాడు చేసిన ఒక్క షాట్ అయినా కూర్చుని చూశారా? మీరు రాసిన రెండు పేజీల్లో ఫీజు ఉంది, ప్లాటు ఉంది, మేనల్లుడి ప్యాకేజీ ఉంది, వాడి పని గురించి ఒక్క వాక్యం లేదు. "రాత్రంతా కంప్యూటర్ ముందే ఉంటాడు" అని ఫిర్యాదు మాత్రం ఉంది. మరి ఆ పని ఇంకెక్కడ చేస్తారన్నా? చీర పట్టుకుంటే జరీ అసలుదో కాదో చెప్పేస్తారు, కొడుకు పని విషయంలో మాత్రం కన్సల్టెన్సీ కుర్రాడి మాట నమ్ముతున్నారు.

వాడిని నిమిషంన్నర షోరీల్ చూపించమనండి. బొమ్మలో మనిషికి బరువు ఉన్నట్టు అనిపిస్తోందా, మాట లేకుండానే ఏమనుకుంటున్నాడో తెలుస్తోందా, ఇంతవరకూ మీకూ అర్థమవుతుంది. అది బాగుంటే, పూర్తి చేసినవి ఇంకో రెండు షాట్లు ఉంటే, ఈ ఏడాదే స్టూడియోలకు అప్లై చేయొచ్చు, నాలుగో ఏడాది లేకపోయినా నష్టం లేదు. సరుకుంది కానీ బొమ్మ బరువు లేనట్టు తేలిపోతోంది అంటే నాలుగో ఏడాది చేయించండి. అయితే ఫీజు కట్టే ముందు మీరే కాలేజీకి వెళ్లి, పోయిన బ్యాచ్ పిల్లల పూర్తయిన సినిమాలు చూపించమని అడగండి. పోస్టర్లు కాదు, సినిమాలు. వాటిని చేసినవాళ్లలో ఇద్దరి ఫోన్ నంబర్లు అడిగి మాట్లాడండి. ఇవ్వడానికి నసిగితే బయటికొచ్చేయండి. ఆ ఫీజు డబ్బుతో మంచి కంప్యూటర్ కొనిచ్చినా వాడు బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో నేర్చుకుంటాడు. అది ఉచితం, 2025లో ఆస్కార్ గెలిచిన లాత్వియా యానిమేషన్ సినిమా చేసింది దాంట్లోనే.

యూకే ముచ్చట పూర్తిగా వదలమనడం లేదు. రెండేళ్లు పనిచేసి, చేతిలో గట్టి రీల్ ఉండి, స్కాలర్‌షిప్‌తో వెళితే నేనే రికమండేషన్ లెటర్ రాస్తా. ఈ ఏడాది మాత్రం వద్దు. రీల్ లింకు నాకూ పంపమనండి, చూసి ఫోన్ చేస్తా. వాడితోనే మాట్లాడతా, పక్కన మీరుండొద్దు.