ఏ చూర్ణం మంచిదన్నది తర్వాత, ముందు ఆవిడ పొద్దుటి పూట చూడండి

"మా అమ్మకు 58 ఏళ్లు. మూడు నాలుగు రోజులకోసారి గానీ విరేచనం అవదు. ఇసబ్‌గోల్ పనిచేయలేదు. ఏ చూర్ణం మంచిది?" అని అడిగారు.

చూర్ణం పక్కన పెట్టి, పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఆవిడ ఏం చేస్తున్నారో గమనించండి. ఖాళీ కడుపులో కాఫీయో టిఫినో పడ్డాక పావుగంట, అరగంటలో పెద్దపేగు బలంగా కదులుతుంది. రోజంతటిలో విరేచనానికి అంతకన్నా అనువైన వేళ ఉండదు. సరిగ్గా అప్పుడే పొయ్యి మీద కుక్కర్, ఒకరి క్యారేజీ, ఇంకొకరి ఇస్త్రీ చొక్కా. బాత్రూమ్ ఖాళీగా ఉండదు. "వీళ్లంతా వెళ్లాక చూద్దాంలే" అని బిగపడతారు. కాసేపటికి ఆ ఒత్తిడి సద్దుమణుగుతుంది, మలం మాత్రం లోపలే ఉంటుంది. పేగు అందులోని నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది కాబట్టి మర్నాటికి అది గట్టిపడుతుంది. వెళ్తే నొప్పి, ఆ నొప్పికి భయపడి మళ్లీ బిగపట్టడం. ఏళ్ల తరబడి ఇదే సాగితే పురీషనాళం, అంటే మలం వచ్చి చేరే పేగు చివరి భాగం, సాగిపోయి, నిండినా తెలియడం తగ్గుతుంది. ఇంట్లో అందరికీ వండిపెట్టే ఆడవాళ్లలో మలబద్ధకం ముదరడానికి తిండితో పాటు ఇదీ ఒక కారణం కావచ్చు.

కాబట్టి టిఫిన్ అయిన ఇరవై నిమిషాలకు, అనిపించినా అనిపించకపోయినా, ఆవిడ వెళ్లి కూర్చోవాలి. పది నిమిషాలు చాలు. ఫోన్ వద్దు, ముక్కడం వద్దు. రాకపోతే లేచి వచ్చేయాలి, మర్నాడు మళ్లీ అదే వేళకు వెళ్లాలి. అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ అరగంట వంటింటి పని మీరు చేయండి. ఇది సాయం కాదు, చికిత్సలో భాగం.

మోకాళ్ల నొప్పులతో ఇప్పుడు చాలామంది కమోడ్‌కు మారారు. కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంటే, పురీషనాళాన్ని ఉచ్చులా ముందుకు లాగి పట్టుకునే కండరం పూర్తిగా వదులు కాదు. పాదాల కింద ఏడెనిమిది అంగుళాల పీట వేసి, మోకాళ్లు తుంటి కన్నా పైకి వచ్చేలా, మోచేతులు తొడల మీద ఆనించి ముందుకు వంగాలి. నోటితో మెల్లగా గాలి వదులుతూ పొట్టను ఉబ్బించాలి. ఊపిరి బిగబట్టి ముక్కితే మొలలు పెరుగుతాయి. పీటకు రబ్బరు అడుగు తప్పనిసరి. తడి నేల మీద జారి తుంటి విరిగితే అసలుకే మోసం. తుంటి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లు సర్జన్‌ను అడగకుండా పీట వాడకూడదు.

ఇసబ్‌గోల్ పనిచేయలేదన్నారు. ఎన్ని నీళ్లతో వేసుకున్నారు? అది నీటిని పట్టుకుని ఉబ్బితేనే మలం మెత్తబడుతుంది. ఒక చెంచాడు పొట్టు 250 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, చిక్కబడేలోపే తాగేయాలి, వెంటనే ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. మింగడం కష్టమైనవాళ్లు అసలు వాడొద్దు. ఫలితానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. వారం గడిచాక అవసరమైతే రెండు చెంచాలు చేయండి. ఒకేసారి పెంచితే గ్యాస్, ఉబ్బరం. మిగతా మందులకు రెండు గంటలు ఎడం ఉంచాలి, థైరాయిడ్ మాత్రకైతే ఇంకా ఎక్కువ. గట్టి మలం ఇప్పటికే పేరుకుపోయి ఉంటే ముందు డాక్టరు సలహాతో అది బయటికి పోయేలా చూసి, ఆ తర్వాతే పొట్టు మొదలుపెట్టాలి.

తిండి మాటకొస్తే, హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల తెల్ల బియ్యంలో పీచు మూడు గ్రాములకు తక్కువే. జొన్నల్లో పది, రాగుల్లో పదకొండు. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె, గోరుచిక్కుడు కూర పెట్టండి. రోజుకో జామకాయ గింజలతో సహా తినమనండి.

టీవీల్లో వచ్చే చూర్ణాల్లో చాలావాటిలో ఉండేది సునాముఖి ఆకు. అది పేగును రెచ్చగొట్టి కదిలిస్తుంది. ఎప్పుడైనా ఒకసారి తప్పు లేదు. ఆకే కదా అని డాక్టరును అడగకుండా రోజూ మింగించడం తప్పు. "ఒక్క రాత్రిలో" అని ప్రకటన ఇచ్చేవాళ్లు లోపల ఏముందో అంతే పెద్ద అక్షరాలతో వేయాలి.

ఆవిడ మాత్రల పెట్టె కూడా చూడండి. ఐరన్, కాల్షియం, కొన్ని గ్యాస్ మందులు, నొప్పికి వాడే ట్రమడాల్, కొడీన్ ఉన్న దగ్గు సిరప్ మలబద్ధకం తెస్తాయి. సొంతంగా ఆపకండి, మార్చమని అడగండి. థైరాయిడ్ పరీక్ష ఈమధ్య చేయించకపోతే చేయించండి.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఈ వయసులో కొత్తగా విరేచనం తీరు మారడం, వీటిలో ఏది ఉన్నా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకుండా డాక్టరుకు చూపించాలి. కడుపు ఉబ్బి, గ్యాస్ కూడా పోక, వాంతులైతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. చాలా రోజులు బిగిసి ఉన్నాక ఉన్నట్టుండి నీళ్లలా కారితే విరేచనాలు పట్టుకున్నాయనుకుని ఆపే మాత్ర వేయకండి. లోపల రాయిలా ఉన్న మలం పక్కల నుంచి అలా కారుతుంది, ఆ మాత్రతో ఇంకా బిగుస్తుంది.