ఆ పేజీలో ‘అమ్మ’ను ‘అమ్మ’గానే ఉండనివ్వండి

ప్రశ్న: మా అమ్మ సంవత్సరీకానికి ఆమె జీవితాన్ని చిన్న పుస్తకంగా వేసి బంధువులకు పంచాలనుకుంటున్నాం. మా అమ్మాయి తన పేజీలో అమ్మమ్మను మొదటి నుంచి చివరి వరకు ‘అమ్మ’ అనే రాసింది. మార్చమంటే అసలా పేజీయే వద్దంటోంది. చదివినవాళ్లు ఏమనుకుంటారు? ఎలా నచ్చజెప్పాలి?
- ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: నచ్చజెప్పకండి. బంధువుల గురించి బెంగ అక్కర్లేదు. ఆ పిల్లను పెంచిందెవరో వాళ్లందరికీ తెలుసు. మింగుడుపడనిది మీకు.

మీ సుదీర్ఘమైన లేఖలో, నాన్నగారు పోయాక మీ అమ్మగారు రెండు గేదెల పాలు అమ్మి మిమ్మల్నీ, మీ అన్నయ్యనూ చదివించిన తీరు, ఏటా మాగాయ జాడీ గుడ్డకట్టి బస్సులో పంపిన వైనం కళ్లకు కట్టినట్లు రాశారు. మూడో నెల నుంచి నాలుగో తరగతి వరకు మీ అమ్మాయి ఆ ఇంట్లోనే పెరిగిన కాలానికి మాత్రం ‘ఉద్యోగరీత్యా పాపను అమ్మ దగ్గర ఉంచాం’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టారు. పుస్తకం కోసం మీరు రాసిన పేజీల్లోనూ ఆ సంవత్సరాలు ఉండవని ఊహిస్తున్నాను.

మీరు చంటిబిడ్డను వదిలి ఉద్యోగానికి వెళ్లడం తప్పని నేననను. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం అప్పట్లో మీలాంటి ప్రైవేటు ఉద్యోగినులకు ఇచ్చింది 12 వారాల సెలవే. అది 26 వారాలు కావడానికి 2017 దాకా ఆగవలసి వచ్చింది. చట్టం మిగిల్చిన ఆ లోటును మీ అమ్మగారు తన నడివయసు దాటిన ఒంటితో పూడ్చారు. అసలు కంటే వడ్డీ ముద్దని మనం నవ్వుతూ అంటాం గాని, చీకటితో లేచి పాలు పితికి, పగలంతా పసిపిల్లను సాకడం ఉత్త ముద్దు కాదు, చాకిరీ. పెద్దమ్మ, పిన్నమ్మ, నాయనమ్మ అంటూ ఇంతమందికి ‘అమ్మ’ను పంచిపెట్టిన భాష మనది, ఆ చాకిరీ చేసిన మనిషికి ఆ మాట దక్కితే మీకెందుకు కష్టం కలగాలి? కఠినంగా ఉన్నా చెప్పక తప్పదు: మీరు చనిపోయిన తల్లితో పోటీ పడుతున్నారు. మీకు తల్లి పోయినట్లే మీ అమ్మాయికీ తల్లి పోయింది, ఈ ఏడాదిలో ఆ పిల్లను ఎవరూ పరామర్శించలేదు.

ఆ పేజీలో ఒక్క అక్షరం మార్చకుండా ప్రెస్సుకు ఇవ్వండి. మీ పేజీలు మాత్రం ఆపండి. తిథికి ముందే ఒక శనివారం మీరూ, మీ అమ్మాయీ ఇద్దరే ఆ ఇంటికి వెళ్లండి. అక్కడ మీ కష్టాలు, అప్పటి సెలవుల సంగతులు ఎత్తవద్దు. మొదటి రోజు బడికి ఎవరి వేలు పట్టుకుని వెళ్లిందో, జ్వరం వచ్చిన రాత్రి అమ్మమ్మ ఏం కథ చెప్పేదో, ఆదివారం సాయంత్రం మీరు బస్సెక్కి వెళ్లిపోయాక ఇంట్లో ఏం జరిగేదో అడగండి. చివరిది అడగడానికి మీకు గుండె నిబ్బరం కావాలి. చెప్పింది చెప్పినట్లు రాసుకుని, మీ పేజీల్లో చేర్చండి. చెప్పడం ఇష్టం లేకపోతే బలవంతపెట్టక, ఆ పెరట్లో కాసేపు కూర్చుని వచ్చి, మరో వారం మళ్లీ వెళ్లండి. పుస్తకం సంవత్సరీకానికి అందకపోతే వచ్చే ఏడు తద్దినానికి పంచవచ్చు.